హాజరుపట్టీ నీడలో తెల్ల యూనిఫాం

సాల్వేషన్ ఆర్మీ, అంటే రక్షణ సైన్యం, ఒక క్రైస్తవ సంఘం; అందులో సభ్యులను సైనికులంటారు. ఆదివారం ఆరాధనకు ఆ సైనికులంతా యూనిఫాంలోనే రావాలా, ఎవరిష్టం వాళ్లదా? గుంటూరు, బాపట్ల వైపు సాల్వేషన్ ఆర్మీ కుటుంబాల్లో ఈ వాదన మళ్లీ రాజుకుంది. తప్పనిసరి అంటారు పెద్దలు, మా ఇష్టం అంటారు కుర్రాళ్లు. సైన్యాన్ని స్థాపించిన విలియం బూత్ కథ, లండన్ వీధుల కథ అందరికీ తెలిసినవే. ఈ గొడవ వేళ్లు అక్కడ లేవు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఉన్నాయి.

కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో బిగించాక మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను నిఘా ఉండే సెటిల్‌మెంట్లలోకి చేర్చి, ఈ రెండింటినీ రక్షణ సైన్యానికి అప్పగించింది. స్టూవర్టుపురానికి ఆ పేరు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ మీదుగా వచ్చింది. వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. సీతానగరంలో రాళ్ల క్వారీ పని, స్టూవర్టుపురం వాళ్లకు చీరాల పొగాకు కంపెనీలో కూలి. హాజరు తీసుకునే యంత్రాంగం, ప్రార్థన చేయించే యంత్రాంగం ఒక్కటే. బడి, వైద్యం కూడా ఆ సైన్యంతోనే వచ్చాయి. నిడుబ్రోలు, బాపట్ల ఆస్పత్రులను ఎవరూ కాదనలేరు. అయినా ‘తప్పనిసరి’ అన్న మాట ఆ ఇళ్లలో ఇంకోలా వినిపిస్తుంది. చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఆ ఇళ్ల మనవళ్లకు క్రమశిక్షణ లేదని తిట్టడం అన్యాయం.

పెద్దల మాటా తీసిపారేసేది కాదు. సైన్యంలో బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం ఆచరించరు. 1883లోనే బూత్ ఆ దారి పట్టాడు. లూథరన్లు, బాప్టిస్టులు నిండిన గుంటూరులో ‘నీ సాక్ష్యం ఏది?’ అంటే చూపించడానికి యూనిఫామే ఉందంటారు.

కుర్రాళ్లు మాత్రం 1882 దగ్గర మొదలుపెడతారు. ఆ సెప్టెంబరు 19న సైన్యం పని ఈ దేశంలో మొదలుపెట్టడానికి బొంబాయిలో దిగిన ఫ్రెడరిక్ టక్కర్ సివిల్ సర్వీసు కొలువు వదులుకుని వచ్చినవాడు. ఈ దేశపు బట్ట కట్టాడు, తలపాగా చుట్టాడు, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. ఆ కాలపు కాషాయం పోయి తెల్లబట్ట వచ్చింది. మనుషుల దగ్గరికి చేరడానికి అన్నిసార్లు మారిన బట్టను ఇప్పుడు మారదనడం ఏమిటని వాళ్ల ప్రశ్న.

తెల్లబట్ట కష్టం ఉతికేవాళ్లకే తెలుసు. విజయవాడ వస్త్రలత బజారులో గుడ్డ కొంటే ఫుల్‌హ్యాండ్ చొక్కాకు 36 అంగుళాల పన్నాలో రెండుంపావు మీటర్లు, ప్యాంటుకు పెద్ద పన్నాలో మీటరుంపావు పడుతుంది. భుజం పట్టీలు దూర్చే లూపు వదులైతే అవి పాట మధ్యలోనే జారిపోతాయి. కాలరు మీది ‘ఎస్’ అక్షరాలు విప్పకుండా తడిపితే తుప్పు మరక పడుతుంది. బోరు నీళ్లలో ఇనుముంటే బ్లీచింగు వేసినకొద్దీ తెలుపు పసుపెక్కుతుంది. అందుకే మునిసిపల్ నీళ్లలో జాడించి, చివరి నీళ్లలో రెండు చుక్కల నీలిమందు కలుపుతారు. మే నెల చెమటకు కాలరు మురికి పట్టకుండా ఉండాలంటే రెండో జత కావాలి. కూలి డబ్బులతో నడిచే ఇంట్లో ముగ్గురు సైనికులుంటే ఆరు జతలు.

జెండా కింద సైనికుడు సంతకం పెట్టే ఒప్పందంలో మద్యం, పొగాకు, జూదం మానేస్తానన్న మాట ఉంది. యూనిఫాం వేసుకుంటానన్న మాట లేదు. కుర్రాళ్లు ఇప్పుడు పెద్దల ముందు పెడుతున్నది ఆ కాగితాన్నే.