కడప నేలలో 56, 92: రెండు మూలకాల వెనక కథ

యురేనియం గని, మిల్లు ఉన్న తుమ్మలపల్లె పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ రెండు వాదనలు వినిపిస్తాయి. టెయిలింగ్ పాండ్ (యురేనియం తీశాక మిగిలిన పిండిని నింపే చెరువు) నుంచి ఊట దిగి బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని వేముల మండలంలోని కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె వైపు రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఈ ప్రాంతపు రాతిలోనే యురేనియం ఉంది, నీళ్లలో కనిపించేది అదేనని యురేనియం కార్పొరేషన్ అంటోంది. ఎవరి మాట ఎంతవరకు నిజమో తేలాలంటే ముందు ఆ మూలకం ఎలాంటిదో, దాని చుట్టాలెవరో తెలియాలి. వార్తల్లో ఆ ముక్క ఎక్కడా ఉండదు. యురేనియం అనగానే బాంబు అని భయపడటమో, దేశానికి కరెంటు అని సంబరపడటమో తప్ప.

రాయలసీమలో వజ్రకరూరు వజ్రం గురించి, అంటే 6వ మూలకం కార్బన్ (ఒక్కో మూలకానికీ దాని పరమాణువులోని ప్రోటాన్ల లెక్కే సంఖ్య) గురించి, జొన్నగిరి బంగారం గురించి (అది 79) అందరూ మాట్లాడతారు. శాస్త్ర చరిత్రలో అంతకన్నా పెద్ద కథ ఉన్న జంట పాత కడప జిల్లాలోనే ఉంది. ఒక కొసన పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం, సంఖ్య 92. ఇంకో కొసన రైల్వేకోడూరు దగ్గర మంగంపేటలో ముగ్గురాయి. బెరైటీస్ అని వ్యవహరించే ఆ బూడిదరంగు బరువు రాయి బేరియం సల్ఫేటు. బేరియం సంఖ్య 56. మంగంపేట నిక్షేపం దాదాపు 7.4 కోట్ల టన్నులు, ప్రపంచంలోని అతిపెద్ద వాటిలో ఒకటి. మిల్లుల్లో పిండిచేసిన ఆ పొడి చాలావరకు చమురు బావుల డ్రిల్లింగుకి పోతుంది. నీటికి నాలుగు రెట్లకు పైగా సాంద్రత ఉండటంతో, దాన్ని కలిపిన బురద బావి అడుగు నుంచి ఎగదన్నే చమురునీ గ్యాస్‌నీ అణిచిపెట్టి ఉంచుతుంది.

ఈ ముగ్గురాయి చరిత్ర ఇటలీలోని బొలోన్యాలో మొదలవుతుంది. 1603 ప్రాంతంలో విన్చెంజో కాషారోలో అనే చెప్పులు కుట్టే వ్యక్తి, బంగారం చేద్దామన్న ఆశతో ఊరి బయటి కొండమీద దొరికిన బరువైన రాళ్లని బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు కానీ, పగలు ఎండలో పెట్టిన ఆ రాయి రాత్రి చీకట్లో వెలిగింది. 1774లో రసాయనవేత్త షీలే అందులో అప్పటిదాకా తెలియని కొత్త పదార్థం ఉందని గుర్తించాడు. 1808లో లండన్‌లో హంఫ్రీ డేవీ కరెంటు పంపి బేరియం లోహాన్ని విడదీశాడు.

మూలకాల్లో ఒక వరుస ఉందన్న మొదటి అనుమానానికి కూడా బేరియం సాక్షి. జర్మన్ రసాయనవేత్త డోబెరైనర్ 1829లో కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం మూడింటినీ ఒకచోట పెట్టి చూశాడు. గుణాల్లో అన్నదమ్ముల్లా ఉన్నాయి. పరమాణు భారాలు ఈనాటి లెక్కలో 40, 88, 137. మొదటిదీ చివరిదీ కలిపి సగం చేస్తే ఇంచుమించు మధ్యదాని భారమే వస్తుంది. ఎందుకలా వస్తోందో ఆయన చెప్పలేకపోయాడు. నలభై ఏళ్ల తర్వాత, 1869లో, మెండలీవ్ అప్పటికి తెలిసిన 63 మూలకాలను భారాల క్రమంలో పేర్చి, ఒకేలా ప్రవర్తించేవి ఒకే వరుసలోకి వచ్చేలా ఆవర్తన పట్టిక కట్టాడు.

ఆ పట్టికలో యురేనియం ఇమడలేదు. 1789లో బెర్లిన్‌లో రసాయనవేత్త క్లాప్రోత్ దాన్ని గుర్తించి, ఎనిమిదేళ్ల ముందు కనిపెట్టిన యురేనస్ గ్రహం పేరు పెట్టాడు. దాని భారం 120 దగ్గర ఉంటుందని లెక్కగట్టారు. అక్కడ తగరం, ఆంటిమనీ పక్కపక్కనే కూర్చున్నాయి, మధ్యలో చోటు లేదు. మెండలీవ్ తన పట్టికను అనుమానించకుండా లెక్కని అనుమానించాడు. భారం రెండింతలు, అంటే 240 ఉండాలని 1871లో సవరించాడు. ఇప్పుడు మనకు తెలిసిన విలువ 238. ఆ మరుసటేడే, 1872లో, విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతి పొరల మీద సవివరమైన నివేదిక ప్రచురించాడు. వాటిలోని వేంపల్లె సున్నపురాతి పొరల్లోనే యురేనియం దాగుందని అప్పుడు ఎవరికీ తెలీదు.

1898లో మేరీ క్యూరీ యురేనియం ఖనిజాన్ని శుద్ధి చేస్తుంటే ఒక వింత ఎదురైంది. రేడియోధార్మికత అంతా బేరియం వెంటే పోతోంది. బేరియంలాగే ప్రవర్తించే ఇంకో మూలకం అందులో కలిసిపోయి ఉంది. అదే రేడియం, సంఖ్య 88, పట్టికలో సరిగ్గా బేరియం కింద గడి. ఒకే నిలువు వరుసలోవి కాబట్టి మామూలు పద్ధతిలో విడిపోవు. లవణాన్ని కరిగించి, స్ఫటికాలు కట్టించి, మళ్లీ కరిగించి, మళ్లీ కట్టించాలి. విడత విడతకీ స్ఫటికాల్లో రేడియం పాలు పెరుగుతుంది.

నలభై ఏళ్ల తర్వాత, 1938 డిసెంబర్‌లో, బెర్లిన్‌లో రసాయనవేత్తలు ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ చేసింది ఆ పనే. యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే రేడియం పుడుతోందని వాళ్ల అంచనా. దాన్ని పట్టుకోవడానికి బేరియం లవణం కలిపారు, తర్వాత క్యూరీ పద్ధతిలో రేడియాన్ని విడదీయబోయారు. స్ఫటికాలు కట్టించిన కొద్దీ రేడియం ఒకచోటికి చేరాలి. చేరలేదు. ఎన్నిసార్లు చేసినా ఆ రేడియోధార్మికత బేరియం నుంచి విడిపోలేదు. విడిపోకపోవడానికి కారణం ఒక్కటే: అది రేడియం కాదు, బేరియమే. 92 పగిలి 56 పుట్టింది. నాజీల వల్ల స్వీడన్‌కి పారిపోయిన తోటి పరిశోధకురాలు లీజ్ మైట్నర్‌కి హాన్ ఉత్తరం రాశాడు. ఆమె, మేనల్లుడు ఓటో ఫ్రిష్ కలిసి ఆ క్రిస్మస్ సెలవుల్లో దీన్ని కేంద్రక విచ్ఛిత్తిగా వివరించారు. 92లోంచి 56 తీసేస్తే మిగిలేది 36, అది క్రిప్టాన్. అణుబాంబు, అణువిద్యుత్తు రెండూ ఈ తీసివేతలోంచే వచ్చాయి. నోబెల్ మాత్రం హాన్‌కే ఇచ్చారు. మైట్నర్‌కి జరిగిన ఆ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంత ఆలస్యం కావడంలో పట్టిక తప్పు కూడా ఉంది. అప్పట్లో యురేనియాన్ని టంగ్‌స్టన్ కింద పెట్టేవాళ్లు. అందుకే 1934లో రోమ్‌లో భౌతికవేత్త ఫెర్మీకి కొత్త రేడియోధార్మికత కనిపించినప్పుడు, 92 దాటిన మూలకాలు పుట్టాయనుకున్నారు. కేంద్రకమే పెద్ద ముక్కలుగా పగిలి ఉండొచ్చని జర్మన్ రసాయనవేత్త ఇడా నోడాక్ అదే ఏడు రాస్తే ఎవరూ పట్టించుకోలేదు. యురేనియాన్ని అక్కణ్నుంచి తీసి, స్కూలు పుస్తకాల్లో పట్టిక అడుగున కనిపించే ఆక్టినైడ్ల వరుసలో చేర్చింది అమెరికన్ రసాయనవేత్త సీబోర్గ్, 1940ల మధ్యలో.

ఇప్పుడు తుమ్మలపల్లెకి వద్దాం. 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి మొదలు. ఇక్కడి ఖనిజంలో యురేనియం చాలా తక్కువ, టన్ను రాయికి అరకిలో కూడా ఉండదు. రాయి డోలమైట్ (సున్నపురాయి జాతి) కాబట్టి యాసిడ్ పోస్తే దాన్ని రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్ ద్రావణంతో, వేడిలో, ఒత్తిడిలో యురేనియాన్ని కరిగిస్తారు. మిగిలిన పిండి దాదాపు టన్నుకి టన్నూ పాండ్‌లోకి పోతుంది. యురేనియం తీసేశాక ఇంక ప్రమాదమేముందని చాలామంది అనుకుంటారు. కానీ ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ పిండిలోనే ఉండిపోతుంది, ఎందుకంటే యురేనియం కోట్ల ఏళ్లుగా క్షీణించి పుట్టించిన రేడియం లాంటి సంతానాన్ని ఎవరూ తీయరు. ఆ రేడియం అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం, 1,600 ఏళ్లు. పట్టికలో కాల్షియం వరుసలోదే కావడంతో ఒంట్లోకి వెళ్తే ఎముకల్లో చేరుతుంది. యురేనియం మిల్లుల్లో వ్యర్థజలాల నుంచి రేడియాన్ని పట్టడానికి వాడేది బేరియం క్లోరైడ్. సల్ఫేటుతో కలిసి బేరియం ముగ్గురాయిగా మారి అడుగుకి దిగుతూ రేడియాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. క్యూరీ చేతికి చిక్కిన చుట్టరికమే ఇది.

నీళ్లలో కరిగిన యురేనియంతో మొదటి దెబ్బ మూత్రపిండాలకి, అదీ రేడియేషన్ కన్నా రసాయనిక విషంగా. లీటరుకి 30 మైక్రోగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. కార్బొనేటు ఎక్కువున్న నీళ్లలో యురేనియం సహజంగానే బాగా కరుగుతుంది, కాబట్టి కార్పొరేషన్ వాదనని ఊరికే కొట్టిపారేయలేం. అలాగని ఒక్క యురేనియం అంకె చూపించి రైతు నోరు మూయించడం కూడా న్యాయం కాదు. పాండ్ నుంచి ఊట దిగితే మిల్లులో వాడిన సోడియం దాంతోపాటు రావాలి. సోడియం 11, పొటాషియం 19, పట్టికలో ఒకే వరుస. పొటాషియం విపరీతంగా కావాల్సిన పంట అరటి. నీళ్లలో సోడియం పెరిగితే వేరు పొటాషియాన్ని సరిగా తీసుకోలేదు, నేల చవుడు తేలుతుంది. అందుకే ఒక్కో బోరు నీటి పరీక్షలో యురేనియం, రేడియం, సోడియం మూడు అంకెలూ పక్కపక్కనే ఉండాలి. 2012కి ముందు తీసిన కొలతలు ఏవైనా ఉంటే వాటినీ అదే కాగితం మీద చూపించాలి. ఆ కాగితం ఊరి సచివాలయం గోడకి తెలుగులో అంటించాలి.