ఎక్స్‌రెఫ్ అంటే కాపీ కాదు: ఆటోక్యాడ్‌లో బయటి ఫైళ్లపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ డ్రాయింగులు గీయడం నా పని. ఆర్కిటెక్ట్ ప్లాన్ మీదే మా కాలమ్ లేఅవుట్ కూర్చోవాలి కాబట్టి, రోజూ పని మొదలయ్యేది ఎవరో పంపిన ఫైల్‌ని మా డ్రాయింగ్‌లోకి తెచ్చుకోవడంతోనే. డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా బయటి ఫైల్‌ని జోడించుకోవడాన్నే ఎక్స్‌రెఫ్ (ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్) అంటారు. కొత్తగా చేరిన పిల్లలు తడబడేదీ అక్కడే.

అపోహ: ఎక్స్‌రెఫ్ చేస్తే ఆ ఫైల్ నా డ్రాయింగ్‌లోకి వచ్చేస్తుంది.

రాదు. మన డ్రాయింగ్‌లో చేరేది ఆ ఫైల్ ఎక్కడుందో చెప్పే దారి, దాన్ని ఏ బిందువు దగ్గర, ఏ స్కేల్‌లో, ఏ కోణంలో పెట్టామన్న వివరం. గీతలన్నీ అసలు ఫైల్‌లోనే ఉంటాయి. డ్రాయింగ్ తెరిచిన ప్రతిసారీ ఆటోక్యాడ్ ఆ దారి పట్టుకుని వెళ్లి చదివి చూపిస్తుంది. 1990లో రిలీజ్ 11తో ఈ సౌకర్యం వచ్చింది. ఆర్కిటెక్ట్ గోడ జరిపి సేవ్ చేస్తే, ఆ మార్పు మన డ్రాయింగ్‌లోనూ కనిపించేది ఇందువల్లే.

ఇది సరిగ్గా అర్థం కాని రోజుల్లో నేను ఒక ఫుటింగ్ (కాలమ్ కింది పునాది) లేఅవుట్‌ని ఒక్క ఫైల్‌గా సైట్‌కి మెయిల్ చేశాను. పొద్దున్నే సైట్ ఇంజనీర్ ఫోన్: "మేడమ్, ఫుటింగులు కనిపిస్తున్నాయి, గ్రిడ్ లేదు." గ్రిడ్ అంటే కాలమ్‌లు ఎక్కడ రావాలో చూపే అడ్డం, నిలువు గీతలు. ప్లాన్ ఉండాల్సిన చోట నా కంప్యూటర్ డీ డ్రైవ్ ఫోల్డర్ పేరు ఒక లైను, అంతే. మార్కింగ్‌కి వచ్చిన మనుషులు మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చున్నారు. ఆ కూలీ ఎవరి జేబులోంచి పోయిందో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటి నుంచి ఈట్రాన్స్‌మిట్ కమాండ్ వాడకుండా ఏదీ బయటికి పంపను. ఎక్స్‌రెఫ్‌లు, ఫొటోలు, పీడీఎఫ్‌లు, అన్నింటినీ అదే ఏరి ఒక జిప్‌లో పెడుతుంది. పాత్ (ఫైల్ ఉన్న దారి) కూడా రిలేటివ్‌గా, అంటే మన డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించేలా పెట్టుకోండి. 2018 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా అదే ఉంటుంది, అంతకుముందు పూర్తి పాత్ ఉండేది. రిలేటివ్ అయినా ఫోల్డర్ల అమరిక చెదిరితే లింక్ తెగుతుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేయాలి, లోపలి ఫైళ్లని విడివిడిగా కాదు.

అపోహ: బైండ్ చేసేస్తే, అంటే ఎక్స్‌రెఫ్‌ని మన ఫైల్‌లో శాశ్వతంగా కలిపేస్తే ఏ గొడవా ఉండదు.

గీతలు మన ఫైల్‌లోకి వస్తాయి, నిజమే. కానీ లింక్ పోతుంది. రేపు ఆర్కిటెక్ట్ మెట్లు మారిస్తే మన దగ్గర పాత మెట్లే ఉంటాయి. పైగా బైండ్‌లో రెండు రకాలున్నాయి. మామూలు బైండ్ చేస్తే లేయర్ (ఒక రకం గీతలన్నింటినీ కలిపి ఉంచే పొర) పేరు "ప్లాన్$0$గోడ" అన్నట్టు మారుతుంది. ఇన్సర్ట్ ఎంచుకుంటే అదే పేరున్న మన లేయర్‌లో కలిసిపోయి, మన రంగు, మన లైన్‌టైప్ తీసుకుంటుంది. ఫైనల్ ఇష్యూకి, అదీ ఒక కాపీ మీద మాత్రమే బైండ్ చేయండి.

అపోహ: తెర మీద చెరిపేస్తే ఎక్స్‌రెఫ్ పోయినట్టే.

పోదు, లిస్టులో అలాగే ఉంటుంది. ఆ లిస్టులోంచే డిటాచ్ చేయాలి.

అపోహ: పీడీఎఫ్ మీద 1:100 అని ఉంటే అదే స్కేల్.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ప్రింట్ తీసేటప్పుడు ఎవరో "ఫిట్ టు పేపర్" పెట్టి ఉంటే, కాగితం మీద రాసిన స్కేల్‌కి అర్థం లేదు. కాబట్టి డ్రాయింగ్‌లోకి తెచ్చుకున్న పీడీఎఫ్‌ని స్కేల్ కమాండ్‌లో రిఫరెన్స్ ఆప్షన్‌తో, అంటే తెలిసిన ఒక కొలతని క్లిక్ చేసి దాని అసలు పొడవు ఇచ్చి, మనమే సరిచేయాలి. ఇక్కడ చాలామంది దగ్గర్లో కనిపించే 230 మి.మీ. గోడని పట్టుకుంటారు. గోడ మందం దగ్గర క్లిక్ 2 మి.మీ. తప్పితే, 23 మీటర్ల బిల్డింగ్ చివరికి వెళ్లేసరికి తేడా 200 మి.మీ. అవుతుంది. కాలమ్ దాదాపు గోడ మందమంత జరిగినట్టు! అందుకే డ్రాయింగ్‌లో ఉన్న అతి పొడవైన గ్రిడ్ కొలత తీసుకోండి. తర్వాత అడ్డంగా ఇంకో కొలత సరిచూడండి. స్కాన్ చేసిన కాగితం రెండు దిక్కుల్లో ఒకేలా సాగదు.

2017 వెర్షన్ నుంచి పీడీఎఫ్‌ని గీతలుగా మార్చే పీడీఎఫ్‌ఇంపోర్ట్ కమాండ్ ఉంది కదా అంటారు. క్యాడ్ నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్ అయితేనే గీతలుగా మారుతుంది, స్కాన్ చేసింది బొమ్మగానే ఉంటుంది. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ అక్షరాలు గీతల ముక్కలుగా వస్తాయి. ఏం వచ్చినా, ప్లాన్ మీద రాసిన కొలతే ప్రమాణం, కొలిచి చూసింది కాదు.

అపోహ: ఎక్స్‌రెఫ్ తెచ్చుకునే రెండు పద్ధతులు, అటాచ్, ఓవర్‌లే ఒకటే.

మన ఫైల్‌ని ఇంకొకరు ఎక్స్‌రెఫ్ చేసుకున్నప్పుడే తేడా తెలుస్తుంది. అటాచ్ చేసినవి వాళ్ల డ్రాయింగ్‌లోకీ వెళ్తాయి, ఓవర్‌లే చేసినవి వెళ్లవు. చూసుకోవడానికి మాత్రమే తెచ్చుకున్న ప్లాన్‌కి ఓవర్‌లే మేలు. లేకపోతే అదే ప్లాన్‌ని విడిగా తెచ్చుకున్న ఎలక్ట్రికల్ వాళ్ల షీట్‌లో ఒకే గోడ రెండుసార్లు కనిపిస్తుంది.

అపోహ: సర్వే డ్రాయింగ్‌ని సున్నా (0,0 బిందువు) దగ్గరికి లాగేసుకుంటే పని తేలిక.

సర్వేయర్ ఇచ్చేది సాధారణంగా మీటర్లలో, మనది మిల్లీమీటర్లలో. రెండు ఫైళ్లలోనూ యూనిట్స్ సరిగ్గా పెట్టి ఉంటే ఆటోక్యాడ్ స్కేల్ తానే చూసుకుంటుంది. లేకపోతే ప్లాటు మొత్తం వెయ్యో వంతు చుక్కలా కూర్చుంటుంది. భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో స్థానం చెప్పే యూటీఎం లెక్కలో హైదరాబాద్ 44వ జోన్‌లో పడుతుంది, ఉత్తరం వైపు అంకె 19 లక్షల మీటర్ల పైమాటే. అంత పెద్ద అంకెలు చూసి చాలామంది సర్వే ఫైల్‌నే తెరిచి జరిపేస్తారు. ఆ తర్వాత సర్వేయర్ కొత్త ఫైల్ పంపితే ఏదీ సరిపోలదు. సర్వే ఫైల్‌ని ముట్టుకోకండి. ఎక్స్‌రెఫ్‌గా తెచ్చుకుని, అందరూ ఒప్పుకున్న ఒక బిందువు దగ్గర, ఒప్పుకున్న కోణంలో పెట్టండి. గ్రిడ్ ఏ-1 కూడలికి సర్వే కోఆర్డినేట్లు ఎంతో షీట్ మీదే రాయించండి. టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే సర్వే పరికరం)తో మార్కింగ్ ఇచ్చేవాళ్లు సైట్‌లో మొదట వెతికేది ఆ అంకెల కోసమే.