బ్యాండ్‌సా ఎవరిది? చిక్కంతా అతుకు దగ్గరే

రెండు చక్రాల మీద తిరిగే పళ్ల ఉక్కు పట్టీతో కలప కోసే యంత్రం బ్యాండ్‌సా. దాన్ని కనిపెట్టిన ఘనత ఎవరిదన్న పాత వాదన మళ్లీ రాజుకుంది. లండన్‌కు చెందిన విలియం న్యూబెరీదేనని ఒక పక్షం, ఫ్రెంచి మహిళ ఆన్ పోలాన్ క్రెపాన్‌కు ఆ స్థానం దక్కాలని మరో పక్షం అంటున్నాయి. చేతిరంపాల నాటి కథ అందరికీ తెలిసిందే కాబట్టి, దాన్ని వదిలి నేరుగా ఈ వాదనలోకే వెళ్దాం.

న్యూబెరీ పక్షం వాదన సూటిగా ఉంటుంది. రెండు చక్రాల మీద మొదలూ చివరా లేని రంపపు పట్టీని తిప్పే యంత్రానికి ఆయన 1808–09 ప్రాంతంలోనే పేటెంటు పొందారు. తేదీని బట్టి చూస్తే ఆయనే ముందు; దాన్ని ఎవరూ కాదనడం లేదు. అయితే ఆ యంత్రం ముప్పై ఏళ్లు దాటినా వడ్రంగి కార్ఖానాల్లో నిలదొక్కుకోలేదు. 1836లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన బెంజమిన్ బార్కర్ కూడా పేటెంటు తీసుకున్నారు గానీ పరిస్థితి మారలేదు.

కారణం పట్టీలోనే ఉంది. ఏడు మీటర్ల పట్టీ సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. దాని రెండు కొసలూ కలిసే అతుకు ఒక్కో చక్రం మీద సెకనుకు రెండుసార్లకు పైగా వంగి, మళ్లీ తిన్నగా అవుతుంది. రెండు చక్రాల మీదా కలిపి గంటకు పదిహేను వేల సార్లు. అతుకు పెళుసుగా ఉంటే తెగిపోతుంది, మెత్తబడితే సాగిపోతుంది, మందమైతే చెక్కలో ఇరుక్కుంటుంది. రెండు కొసలనూ ఏటవాలుగా ఆకురాయితో అరగదీసి, ఒకదానిపై ఒకటి పేర్చి, టంకం కరిగించి, పైకి తేలినదాన్ని పట్టీ మందానికి సమానంగా చెక్కేయాలి. ఆ వేడికి పక్కనున్న ఉక్కు గుణం చెడకూడదు.

నిలిచే అతుకు పద్ధతికి 1846లో పేటెంటు పొందింది క్రెపాన్. ఆ హక్కులు పారిస్‌లోని పెరాన్ కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ కంపెనీ మేలురకం ఉక్కునూ, దాన్ని కాచి గట్టిదనం కుదిర్చే పద్ధతినీ ఆమె అతుకుకు జోడించాకే బ్యాండ్‌సా అమ్ముడుపోయే సరుకైంది. పేటెంటు చేతులు మారడంతోనే ఆమె పేరు మరుగున పడింది, పెరాన్ పేరు మాత్రం నిలిచింది. న్యూబెరీ తేదీని పదేపదే చెప్పేవారు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేయడం నాకు న్యాయంగా తోచదు.

దుంగలు కోసే పెద్ద యంత్రాలు ఆ తర్వాతే వచ్చాయి. అమెరికాలోని ఫోర్ట్‌వేన్‌లో జేకబ్ హాఫ్‌మన్ 1870 ప్రాంతంలో అలాంటిదాన్ని నడిపించారు. వాటి లాభం ఇదీ: పెద్ద గుండ్రటి రంపం వణకకుండా ఉండాలంటే దాని పళ్లెం మందంగా ఉండాలి కాబట్టి ఎంతో కలప పొట్టుగా పోతుంది. రెండు చక్రాల మధ్య బిగుతుగా లాగి పట్టిన పట్టీ పలుచనైనా నిటారుగా నిలుస్తుంది. ఒక్కో కోతకు నాలుగు మిల్లీమీటర్లు మిగిలినా, పది కోతలకు నాలుగు సెంటీమీటర్లు, అంటే ఇంకో పలక దక్కినట్టే.

నేడు మన కోతమిల్లుల్లో పట్టీ తెగితే విద్యుత్ వెల్డింగుతో అతుకుతారు. ఆ తర్వాత పని మాత్రం పాతదే: ఉబ్బును అరగదీసి, ఉక్కును మళ్లీ కాచి, యంత్రానికెక్కించి, పట్టీ పక్కకు జరగకుండా పట్టి ఉంచే గైడ్లను అతుకు దాటేటప్పుడు టక్‌మన్న శబ్దం వస్తోందా అని చెవి ఒగ్గి వింటారు.