కాస్పియన్ గుర్రం గర్భాశయం మైక్రోస్కోప్ కింద: అపోహలు - వాస్తవాలు

కాస్పియన్ గుర్రాల జాతి ఎప్పుడో అంతరించిపోయిందని చాలాకాలం అనుకున్నారు. 1965లో ఇరాన్‌లో స్థిరపడిన అమెరికన్ గుర్రాల పెంపకందారు లూయిస్ ఫిరూజ్ ఉత్తర ఇరాన్‌లోని ఆమోల్ పట్టణంలో బండ్లు లాగుతున్న కొన్ని చిన్న గుర్రాలను చూసి, ఇవి మామూలు పొట్టి గుర్రాలు కావని గుర్తించారు. మూపు దగ్గర కొలిస్తే సుమారు మీటరు నుంచి 1.2 మీటర్లు ఉంటాయి. ఇంత తక్కువగా మిగిలిన జాతిలో ఒక్క ఆడగుర్రం చూడి కట్టకపోయినా లోటే. అందుకే గర్భాశయం నుంచి తీసిన గోరంత ముక్క చూసి తీర్పు చెప్పేటప్పుడు తప్పు జరగకూడదు. అలాంటి ముక్కను పలచగా కోసి గాజు పలక మీద పెట్టిన స్లైడ్లు చదవడమే నా పని. నాకు తరచూ వినిపించే మాటల్లో కొన్నింటిని ఇక్కడ సరిచేస్తాను.

అపోహ: జాతి అరుదైనది, పైగా చిన్నది. కాబట్టి లోపలి కణజాలమూ వేరుగా ఉంటుంది.

కాదు. పేరు చీటీ తీసేసి స్లైడ్ ఇస్తే అది ఏ జాతి గుర్రానిదో ఎవరూ చెప్పలేరు. పైన ఒకే వరుస కణాల పొర, దాని కింద ఒత్తుగా ఉండే పొర, ఇంకా కింద గ్రంథులు మెలికలు తిరిగే వదులు పొర, ఆ తర్వాత కండరాలు. పెద్ద గుర్రంలోనైనా ఇదే అమరిక. కణాల పరిమాణం కూడా దాదాపు అంతే, వాటి సంఖ్యే తక్కువ. అవయవం కొలతలు మారతాయి తప్ప నిర్మాణం మారదు.

అపోహ: ఆవు అండాశయం తెలిస్తే గుర్రానిదీ తెలిసినట్టే.

ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి. గుర్రం అండాశయం తిరగేసిన సంచిలాంటిది. చాలా జంతువుల్లో అండాలున్న భాగం బయట, రక్తనాళాలున్న భాగం లోపల ఉంటాయి. గుర్రంలో రక్తనాళాలది బయటి వైపు, అండాలది లోపలి వైపు. అందుకే ఆవులోలా పైభాగంలో ఎక్కడపడితే అక్కడ అండం విడుదల కాదు. ఒకవైపున్న ఒకే ఒక గుంటలో నుంచే బయటికి వస్తుంది. కొత్తగా చూసేవాళ్లు స్లైడ్ తలకిందులైందేమో అనుకుంటారు. కోత ఆ గుంట గుండా పోకపోతే అండాశయాన్ని కప్పే అసలు పొర కనపడనే కనపడదు, మిగతా అంతా ఉదర పొరే. ‘పొర లేదు, ఏదో లోపం’ అని రాసేముందు కోత ఎటు పడిందో చూడండి.

ఆ తర్వాతి మజిలీ కూడా గుర్రానికే ప్రత్యేకం. ఫలదీకరణ జరగని అండం సాధారణంగా అండవాహికలోనే ఉండిపోతుంది. పిండమైతే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే హార్మోన్‌లాంటి రసాయనాన్ని విడుదల చేసి దారి తెరిపించుకుని, సుమారు ఆరో రోజుకు గర్భాశయం చేరుతుంది. చనిపోయిన గుర్రం అండవాహికలో పాత అండాలు కనిపిస్తే అది జబ్బు కాదు.

అపోహ: గ్రంథులు చిక్కిపోయాయి, కణాలు పొట్టిగా ఉన్నాయి. ఇక ఈ గుర్రానికి పిల్లలు పుట్టవు.

ముక్క తీసిన తేదీ అడగండి. గుర్రం పగటి వెలుగు పెరిగే కాలంలో ఎదకు వచ్చే జంతువు. చలికాలంలో అండాశయం విశ్రాంతిలో ఉన్నప్పుడు పై కణాలు పొట్టిగా, గ్రంథులు పలచగా ఉండటం సహజం. ఎద సమయంలో అవే కణాలు పొడవుగా మారి, కింది పొర నీరు పట్టి ఉబ్బుతుంది. ఎద తగ్గాక గ్రంథులు బాగా మెలికలు తిరుగుతాయి. కాలం, ఎద దశ రాయకుండా పంపిన స్లైడ్ చదవడమంటే తేదీ లేని ఉత్తరం చదవడమే.

అపోహ: న్యూట్రోఫిల్ కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) కనిపిస్తే ఇన్‌ఫెక్షనే.

ఎదలో అవి రక్తనాళాల అంచులకు చేరడం మామూలే. దాటించాక వీర్యకణాల వల్ల కూడా గర్భాశయంలో తాత్కాలిక వాపు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో అది ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అది సర్దుకోకుండా నిలిచిపోతేనే ఆందోళన.

అపోహ: ఎక్కువసార్లు ఈనితే గర్భాశయం గట్టిపడుతుంది.

గ్రంథుల చుట్టూ పీచులాంటి కణజాలం పేరుకోవడాన్ని ఎండోమెట్రోసిస్ అంటాం. దానికి కాన్పుల సంఖ్య కన్నా వయసుతోనే ఎక్కువ సంబంధం. ఒక్కసారి కూడా ఈనని ముసలి గుర్రంలోనూ ఇది ఉంటుంది. కాబట్టి మంచి రక్తమున్న ఆడగుర్రాన్ని ‘పదిలంగా ఉంచుదాం’ అని ఏళ్ల తరబడి ఖాళీగా నిలపడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. అరుదైన జాతిలో ఆ ఏళ్లు తిరిగి రావు.

ఈ మార్పులకు పశువైద్య నిపుణులు కెన్నీ, డోయిగ్‌ల 1986 వర్గీకరణ ఉంది. తక్కువ నుంచి ఎక్కువ తీవ్రతకు: ఒకటి, రెండు-ఏ, రెండు-బీ, మూడు. ఒకటిలో 80-90 శాతం పిల్ల పుట్టే అవకాశం, మూడులో 10 శాతం. పది శాతమంటే సున్నా కాదు. మంద పెద్దదైతే అలాంటి గుర్రాన్ని వదిలేస్తారేమో కానీ, వంశం ఆ గుర్రంతోనే ఆగిపోయేటప్పుడు నేను ఆ మాట అనను. పిండాన్ని తీసి మరో గుర్రంలో పెట్టే ప్రయత్నానికి ఇంకా దారి ఉంది.

అపోహ: బయాప్సీ (పరీక్షకు ముక్క తీయడం) గర్భాశయాన్ని పాడుచేస్తుంది.

చూడి లేదని ముందు నిర్ధారించుకుని, శుభ్రంగా తీస్తే గుర్రం మళ్లీ చూడి కట్టడానికి అడ్డేమీ ఉండదు. చూడి ఉందేమోనన్న అనుమానమున్నా తీయకూడదు.

అపోహ: పిండం పోయిన వెంటనే గుర్రం మళ్లీ ఎదకు వస్తుంది.

అది ఎన్నో రోజున పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. సుమారు 36-38వ రోజుకు పిండం వైపు కణాలే గర్భాశయంలోకి చొచ్చుకొచ్చి, గిన్నెల్లాంటి నిర్మాణాలు కడతాయి. మైక్రోస్కోప్ కింద ఆ పెద్ద కణాలు తల్లివి కావు, బిడ్డవి. పిండం పోయినా అవి హార్మోన్ తయారుచేస్తూనే ఉంటాయి. దాదాపు 120వ రోజుకు అవి కరిగిపోయేదాకా గుర్రం సరిగా ఎదకు రాకపోవచ్చు.

చివరగా, ఇలాంటి జాతి గుర్రం ఏదైనా చనిపోతే గర్భాశయం, అండాశయం ముక్కలు ఆలస్యం లేకుండా ఫార్మలిన్‌లో (కణజాలం కుళ్లకుండా ఉంచే ద్రవంలో) వేయండి. గంటలు గడిస్తే పై పొర ఊడిపోతుంది, అది జబ్బులా కనిపిస్తుంది. సీసా మీద వయసు, తేదీ, చివరి కాన్పు, ఎదకు వచ్చిన రోజు రాయండి.