గట్టెక్కిన పడవకు నీటి గండం: శీతకాలపు నిల్వపై అపోహలు, వాస్తవాలు

తెలుగులో గట్టెక్కడమంటే గండం గడవడమే. అందుకేనేమో, అక్టోబరులో బోటును నీళ్లలోంచి తీయించి జాక్‌స్టాండ్ల (బోటును ఇరువైపులా ఆపే ఊతల) మధ్య నిలబెట్టించగానే మనవాళ్ల ముఖాల్లో ఒక నిశ్చింత కనిపిస్తుంది. మిషిగన్‌లో, సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డున, ఒక బోట్‌యార్డులో పదకొండేళ్లుగా మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ట్రాయ్, నోవై ఊళ్ల నుంచి మనవాళ్లు పాత సెయిల్‌బోట్లు కొనుక్కుని ఇక్కడికి వస్తున్నారంటే నాకు సంతోషమే. కానీ ఏటా ఏప్రిల్లో వాళ్ల దగ్గర నేను వినే మాట మాత్రం మారడం లేదు: “ప్లగ్గు తీసే ఉంచానండీ, నీళ్లన్నీ పోయాయి, మరి ఇదెలా పగిలింది?”

అపోహ: ప్లగ్గు తీస్తే, నీళ్లు కారడం ఆగితే, బోటు ఖాళీ అయినట్టే.

వాస్తవం: కారడం ఆగిన నీరు వేరు, పోయిన నీరు వేరు. బిల్జ్ ప్లగ్గు ఖాళీ చేసేది బిల్జ్‌ను, అంటే బోటు అడుగున నీళ్లు చేరే చోటును మాత్రమే. ఇంజిన్ బ్లాకులో, ఎగ్జాస్ట్ మఫ్లర్‌లో, టాయిలెట్ పంపులో, సీకాక్ (బోటు అడుగు గోడకుండే నీటి వాల్వ్) కడుపులో, కిందికి వేలాడి మళ్లీ పైకి లేచే ప్రతి హోస్ వంపులో నీళ్లు అలాగే నిలిచి ఉంటాయి. నీరు గడ్డకడితే దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది, ఆ పెరిగే నీటికి చోటు లేకపోతే ఇనుమైనా కంచైనా దారి ఇవ్వక తప్పదు. పైగా బోటు సరస్సులోనే ఉన్నంతకాలం దాని అడుగుభాగాన్ని తాకే నీరు సున్నా డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోదు. ఒడ్డెక్కించాక మాత్రం మైనస్ 15 డిగ్రీల గాలి నాలుగు వైపులా తగులుతుంది. కాబట్టి గడ్డకట్టే ప్రమాదం విషయంలో ఒడ్డే బోటుకు ఎక్కువ కష్టమైన చోటు.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. నా మొదటి బోటు 25 అడుగుల పాత స్లూప్, అంటే ఒంటి స్తంభపు తెరచాప పడవ. అందులోని చిన్న డీజిల్ ఇంజిన్ సరస్సు నీటితోనే చల్లబడే రకం. దీపావళి భోజనానికి ఎవరింటికో వెళ్లాల్సిన తొందరలో బ్లాకు పక్కనున్న చిన్న డ్రెయిన్ కాక్ తెరిచాను. ఒక గ్లాసెడు నీళ్లు సన్నగా కారి ఆగిపోయాయి. పని అయిపోయిందనుకుని, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాను. వసంతంలో చూస్తే బ్లాకు పక్కన తలవెంట్రుకంత సన్నటి తుప్పు గీత ఒకటి కనిపించింది. వేలితో తుడిస్తే పోతుందనుకున్నాను, పోలేదు. కొత్త ఇంజిన్ ధర, నేను ఆ బోటుకు పెట్టిన ధరను మించిపోయింది.

మరుసటి శరదృతువులో మా యార్డు పెద్ద మెకానిక్ నన్ను ఇంకొక బోటు ఇంజిన్ దగ్గర కూర్చోబెట్టి, బట్టల హ్యాంగర్ విరిచి చేసిన తీగ ముక్కను చేతికిచ్చాడు. డ్రెయిన్ కాక్ తెరిస్తే నాకు జరిగినట్టే కాసిని నీళ్లు కారి ఆగాయి. తీగను రంధ్రంలోకి గుచ్చి తిప్పమన్నాడు. నల్లటి తుప్పు పెచ్చులు రెండు మూడు రాలాయి, ఆ వెంటనే చిక్కటి టీ రంగు నీళ్లు ధారగా దూకి నా మోచేతి దాకా తడిపాయి. ముందు కారినదానికి అది కనీసం మూడింతలు ఉంటుంది. నా ఇంజిన్‌ను చంపినవి ఆ నీళ్లేనని అప్పుడు అర్థమైంది. ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఆ తీగ ఉంది.

ఇలా సరస్సు నీటితో చల్లబడే ఇంజిన్లలో ఇంకొక మోసం ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే వాల్వ్) మూసుకుని ఉంటుంది. అప్పుడు బకెట్‌లోంచి ఆంటీఫ్రీజ్ (చలికి గొట్టాలు పగలకుండా కాపాడే ద్రవం) పీల్పిస్తే అందులో ఎక్కువ భాగం బ్లాకులోకి వెళ్లకుండా బైపాస్ గుండా తిరిగి, ఎగ్జాస్ట్ లోంచి చక్కటి గులాబీ రంగులో బయటపడుతుంది. యజమాని ఆ రంగు చూసి తృప్తిగా ఇంటికి వెళతాడు, బ్లాకులో మాత్రం సరస్సు నీరే మిగిలి ఉంటుంది. ముందు బ్లాకును పూర్తిగా ఖాళీ చేసి, ఆ తరువాత ఆంటీఫ్రీజ్ నింపడమే సరైన వరుస. లేదా ఇంజిన్‌ను థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కించి అప్పుడైనా పీల్పించాలి.

సీకాక్ సంగతి కూడా ఇటువంటిదే. నీళ్లలో ఉన్న బోటుకు సీకాక్ మూయడం మంచి అలవాటు కనుక, ఒడ్డు మీద కూడా మూసేసి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. బాల్ వాల్వ్‌ను మూసినప్పుడు లోపలి గోళం మధ్యనున్న రంధ్రంలో కొద్దిపాటి నీరు రెండు వైపులా బందీ అయిపోతుంది. ఆ కొద్దిపాటి నీరే వాల్వ్ ఒంటిని చీలుస్తుంది, ఆ చీలిక బోటును మే నెలలో నీళ్లలోకి దించాక గాని బయటపడదు. ఒడ్డు మీద సీకాక్‌లు తెరిచే ఉంచండి, మూసి తెరిచి రెండు మూడుసార్లు కదిలించండి.

గులాబీ రంగు ఆంటీఫ్రీజ్ డబ్బా మీద “మైనస్ 50” అని ఉంటుంది. అది ఫారన్‌హీట్ అన్నది ఒక సంగతి, గొట్టం పగలకుండా ఉండే హద్దే తప్ప ద్రవం గడ్డకట్టే హద్దు కాదన్నది రెండో సంగతి. 10, 15 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గరే అది రవ్వజావలా చిక్కబడడం మొదలవుతుంది, అలా చిక్కబడినంత మాత్రాన భయం లేదు. కానీ అడుగున నీళ్లున్న ట్యాంకులో దాన్ని పోస్తే డబ్బా మీది అంకెకు అర్థమే ఉండదు. ట్యాంకును, గొట్టాలను ముందు ఖాళీ చేసి, చక్కటి గులాబీ రంగు వచ్చేదాకా ప్రతి కుళాయిలోంచీ పంపు చేయాలి. రంగును కూడా నమ్మని నాలాంటివాళ్లు రిఫ్రాక్టోమీటర్‌తో (ద్రవంలో నీళ్లెంత కలిశాయో చూపే పరికరంతో) ఒక చుక్క పరీక్షిస్తారు. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తాగునీటి ట్యాంకు దరిదాపులకు కూడా దాన్ని రానివ్వకండి.

ఇక ఖాళీ చేసిన బోటు ఖాళీగానే ఉంటుందనుకోవడం మరొక పొరపాటు. వాన, మంచు పైనుంచి వస్తూనే ఉంటాయి. కాక్‌పిట్‌లో (బోటు నడిపేవాళ్లు కూర్చునే పల్లపు చోటులో) నీళ్లు పోయే రంధ్రాలు సాధారణంగా వెనుక మూలల్లో ఉంటాయి కనుక, బోటు ముక్కు కాస్త పైకి ఉండేలా నిలబెట్టించాలి. మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు ఉన్న కాక్‌పిట్‌లో 30 సెంటీమీటర్ల లోతున నీరు చేరితే అది 450 కిలోలు. రెండు మేపుల్ ఆకులు రంధ్రాలకు అడ్డం పడితే చాలు, ఆ బరువంతా గడ్డకట్టి అక్కడే కూర్చుంటుంది. కాకినాడలో ఏటా వేసవిలో చేపల వేట నిషేధం, ఆ రోజుల్లో మా బాబాయి వాళ్ల పడవలు కూడా ఒడ్డునే ఉండేవి. అక్కడ ఎండకు చెక్క నెర్రెలు విచ్చడమే బెంగ, వాన పడితే ఎవరో ఒకరు పోయి నీళ్లు తోడి వచ్చేవారు. ఇక్కడ నెలకొకసారైనా ఆ పని చేసేవాళ్లు తక్కువ.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. పూర్తిగా చార్జి చేసిన లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఈ చలికి గడ్డకట్టదు, చార్జి దిగిపోయినది మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టి పగులుతుంది. బోటు వెనుక బయటికి బిగించే అవుట్‌బోర్డ్ మోటారును నిటారుగా ఉంచితే దానంతట అదే నీటిని వదిలేస్తుంది, పైకి వంచి ఉంచితే వదలదు. గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే సీలు పోయినట్టే, వసంతందాకా ఆగవద్దు. టార్పాలిన్ తాళ్లను జాక్‌స్టాండ్లకు ఎప్పుడూ కట్టవద్దు. గాలికి టార్పాలిన్ కొట్టుకుంటే స్టాండు జరుగుతుంది, స్టాండు జరిగితే బోటు పడుతుంది. గాలి ఆడకుండా బిగించినా లోపలంతా బూజు పడుతుంది.

జనవరిలో, రాత్రి పదింటికి, “బ్లాకు ఖాళీ చేశానో లేదో గుర్తు రావడం లేదండీ” అని కంగారుగా ఫోన్ చేసేవాళ్లుంటారు. వాళ్లను నేను కోప్పడను. అప్పటికే గడ్డకట్టి ఉంటే వేడినీళ్లు పోయకండి, ఇంజిన్ తిప్పి చూడకండి. కరిగాక, తీగ గుచ్చి ఖాళీ చేసి, బ్లాకు చుట్టూ టార్చిలైటుతో వెతకండి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని బోటు లోపల హీటర్ పెట్టి తాళం వేసి వెళ్లిపోవడం మాత్రం దయచేసి చేయకండి.

తీసిన బిల్జ్ ప్లగ్గును టిల్లర్‌కు (చుక్కాని తిప్పే కర్రకు) తాడుతో కట్టి ఉంచండి. మేలో క్రేన్ మీ బోటును నీళ్లలోకి దించినప్పుడు, పట్టీలు విప్పకముందే పది నిమిషాలు ఆపమని అడగండి. లోపలికి దిగి ప్రతి సీకాక్ కింద, ప్రతి హోస్ క్లాంపు కింద వేలు పెట్టి చూడండి. తడి తగిలితే చెయ్యెత్తండి, క్రేన్ మళ్లీ పైకి తీస్తుంది.