పార్కింగ్ చలానాపై అభ్యంతరం: అపోహలు - వాస్తవాలు

విజయనగరం కోర్టుల్లో చిన్నాచితకా కేసులు చూసే న్యాయవాదిని కాబట్టి, భూతగాదాల తరువాత నన్ను ఎక్కువమంది అడిగేది చలానాల గురించే. "బాబూ, బండెట్టి మందులకెళ్ళాను, వచ్చేసరికి ఫొటో తీసీసినారు, దీన్ని తీయించగలరా?" అని ఫోను చేతిలో పెడతారు. మొత్తం ఐదు వందలకు మించకపోయినా వారి బాధ డబ్బు గురించి కాదు, తప్పు చేయకుండానే చేసినట్టు రాశారని. ఆ బాధలో న్యాయం ఉన్న సందర్భాలు లేకపోలేదు. అయితే నా దగ్గరకు వచ్చేసరికే చాలామంది చేయకూడని పని ఒకటి చేసి వస్తారు.

అపోహ: ముందు డబ్బు కట్టేసి, తరువాత తీరిగ్గా అప్పీలు వేసుకోవచ్చు.

వాస్తవం: చలానాలో కనిపించే మొత్తం కోర్టు వేసిన జరిమానా కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 200వ సెక్షను కింద, కేసు కోర్టుదాకా వెళ్ళకుండా రాజీ చేసుకోవడానికి ప్రభుత్వం నిర్ణయించిన రుసుము అది. దాన్ని కట్టిన క్షణానే ఆ వ్యవహారం ముగిసిపోతుంది, వాదించడానికి కేసంటూ మిగలదు. అప్పీలు అనేది కోర్టు తీర్పు మీద వేసేది. తీర్పే లేనప్పుడు మీరు చేయగలిగినది అభ్యంతరం చెప్పడం మాత్రమే, అది కట్టకముందే చెప్పాలి. కోర్టుకు వెళ్ళినవారు కూడా, వాయిదాల బెడద తప్పుతుందని మేజిస్ట్రేటు ఎదుట నేరం ఒప్పుకుంటే, శిక్ష ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో తప్ప అప్పీలు చేసే అవకాశం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 416వ సెక్షను ప్రకారం ఉండదు.

అపోహ: "నో పార్కింగ్" బోర్డు లేకపోతే చలానా చెల్లదు.

వాస్తవం: ఇది సగం నిజం, అందుకే ప్రమాదకరం. చలానా అందగానే మొదట చూడవలసినది మొత్తాన్ని కాదు, అందులో రాసిన సెక్షనును, ఎందుకంటే మీరు ఏం నిరూపించాలో ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. ట్రాఫిక్ గుర్తును పాటించలేదని మోటారు వాహనాల చట్టంలోని 119వ సెక్షను రాసి ఉంటే, ఆ గుర్తు అక్కడ ఉందా, కనిపించేటట్టు ఉందా అన్నదే అసలు ప్రశ్న. 122వ సెక్షను అయితే బండిని ఇతరులకు ప్రమాదం, ఆటంకం లేదా అసౌకర్యం కలిగే స్థితిలో వదిలారని అర్థం. దీనికి బోర్డుతో పనిలేదు. 201వ సెక్షను కూడా అటువంటిదే: రాకపోకలకు అడ్డంగా బండి నిలిపితే ఐదు వందల రూపాయల వరకు పెనాల్టీ. ఇవి గాక, ఫుట్‌పాత్ మీద, పాదచారులు దాటే చారల మీద, ఒకరి గేటుకు అడ్డంగా, అప్పటికే నిలిపి ఉన్న బండి పక్కన రెండో వరుసలో ఆపకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. గంటస్తంభం దగ్గర సాయంత్రం ఆరు గంటలకు రెండో వరుసలో స్కూటరు పెట్టి "బోర్డు ఏదీ?" అని అడిగేవారికి నేను సహాయం చేయలేను.

మరి అభ్యంతరానికి బలం ఎక్కడ ఉంటుంది? పోలీసులు తీసిన ఫొటోలో. ఆ ఫొటోల్లో చాలావాటిలో నంబరు ప్లేటు స్పష్టంగా ఉంటుంది, రోడ్డు ఉండదు. దగ్గరగా వంగి తీసిన ఫొటోలో వెనుక చక్రం, ప్లేటు, కాస్త తారు మాత్రమే కనిపిస్తే, రాకపోకలకు అడ్డం వచ్చిందన్న ఆరోపణకు అందులో ఆధారం లేనట్టే. అందుకని చలానా సంగతి తెలిసిన రోజునే, వీలైతే ఆ గంటలోనే, మీ ఫొటోలు మీరు తీసుకోండి: దుకాణం పేరు, కరెంటు స్తంభం, రోడ్డు రెండు అంచులు ఒకే చట్రంలో పడేంత దూరం నుంచి ఒకటి, మీరు వచ్చిన దిక్కు నుంచి బోర్డు ఎలా కనిపిస్తుందో చూపేది ఇంకొకటి.

మా జిల్లాలోనే ఒక చిన్న పట్టణంలో, నాకు తెలిసిన పాల వ్యాపారి ఒకరికి 119 కింద చలానా పడింది. బోర్డు ఉన్న మాట నిజమే. కానీ ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీని ఆ స్తంభానికే ఇనుప తీగతో కట్టడంతో, బోర్డులో ఎర్రటి అంచు నాలుగు వేళ్ళ మేర మాత్రమే పైకి కనిపిస్తోంది. ఆయన చదువుకున్నది ఐదో తరగతి. అయినా ఫ్లెక్సీని ముందు నుంచి, తీగను వెనుక నుంచి, రోడ్డు అవతల నుంచి మొత్తం స్తంభాన్ని ఫొటోలు తీసి, పక్కన మందుల షాపు బిల్లు మీద ఉన్న సమయాన్ని కూడా జత చేశారు. అర్జీ ఒక పేజీ దాటలేదు. అధికారి ఫొటోలు చూసి సరిచేయడానికి పైకి పంపారు, కొన్ని వారాల తరువాత బకాయిల జాబితాలో అది కనిపించలేదు. ఆ పట్టణం పేరు నేను రాయను. ఫ్లెక్సీ ఇప్పటికీ ఉందని విన్నాను.

ఆ చోటును నో పార్కింగ్‌గా ఎవరు, ఎప్పుడు ప్రకటించారన్న సందేహం ఉంటే, సమాచార హక్కు చట్టం, 2005 కింద మునిసిపల్ కార్యాలయానికీ, పోలీసు కార్యాలయానికీ పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి ఉత్తర్వు ప్రతి అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అలాంటి ఉత్తర్వు లేదన్న జవాబు వస్తే, నా వాదన కన్నా ఆ కాగితం గట్టిది.

అపోహ: పండగకు రాత్రికి రాత్రి పెట్టిన నిషేధానికి గజెట్ లేదు కాబట్టి అది చెల్లదు.

వాస్తవం: చెల్లుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు కోట నుంచి గుడి వరకు బండ్లను తిరగనివ్వకపోవడం, రథసప్తమికి అరసవల్లి దారిలో ఆంక్షలు పెట్టడం వంటివాటికి 115వ సెక్షనులో వెసులుబాటు ఉంది. నెలకు మించని ఆంక్షకు గజెట్ ప్రకటన అవసరం లేదు. అయితే పరిస్థితులు అనుమతించినంత మేర స్థానికంగా ప్రచారం చేయాలని అదే సెక్షను చెబుతోంది. మైకులో చెప్పారా, పత్రికలో వేశారా, తాడు కట్టారా అన్నది మీరు అడగదగిన ప్రశ్న.

అపోహ: ఎస్సై గారు మనకు తెలిసినవారే, ఒక మాట చెప్పిస్తే పోతుంది.

వాస్తవం: చిన్న ఊళ్ళలో ఈ నమ్మకం వల్ల పోయినంత కాలం మరి దేనివల్లా పోదు. పుస్తకంలో రసీదు చించే రోజుల్లో సంగతి ఏమో గాని, ఇప్పుడు చలానా నంబరు పడగానే ఫొటోతో సహా సర్వరులోకి వెళ్ళిపోతుంది, రద్దు కావాలంటే అక్కడా కారణం నమోదు కావాలి. సిఫారసు ఆ కారణం కాలేదు, అర్జీ కాగలదు. పైగా బావగారి చేత ఫోను చేయించి, వార్డు నాయకుడి చేత చెప్పించి, ఈ తిరుగుడులో చలానా మీద ఉన్న గడువు కాస్తా దాటించుకుంటారు. ట్రాఫిక్ స్టేషనులో రెండు ప్రతులు ఇచ్చి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. అక్కడ కదలిక లేకపోతే సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని, ముద్ర పడిన ప్రతితో కలిపి ఇవ్వండి. కానిస్టేబులు దురుసుతనం గురించి అందులో రాయకండి, అది వేరే ఫిర్యాదు. రెండూ కలిపితే రెండూ పలచబడతాయి.

అపోహ: ఆరు నెలలు కట్టకుండా ఊరుకుంటే అదే రద్దయిపోతుంది.

వాస్తవం: జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలకు ఆరు నెలల కాలపరిమితి ఉన్నది నిజమే. కానీ ఆ ఆరు నెలలు కేసు కోర్టులో దాఖలు కావడానికి సంబంధించినవి, తీర్పు రావడానికి కాదు. దాఖలు తేదీనే లెక్కలోకి తీసుకోవాలని 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ కోర్టుకు ఉంది. ఈ లోపు బండి అమ్ముదామని రవాణా కార్యాలయానికి వెళితే బకాయి చలానా అక్కడ ఎదురొస్తుంది.

అపోహ: లోక్ అదాలత్‌లో మన వాదన వినిపించుకోవచ్చు.

వాస్తవం: అది రాజీ వేదిక. తప్పు చేశానో లేదో అక్కడ తేల్చరు, ఎంతకు ముగిద్దామన్నదే మాట. అక్కడ వచ్చిన అవార్డు (రాజీ ఉత్తర్వు) మీద అప్పీలు లేదు. తప్పు మీదే అయితే అంతకన్నా సులువైన చోటు లేదు.

కొన్ని చిన్న అపోహలను త్వరగా చెబుతాను. ఇంటి ముందు రోడ్డు ఇంటి యజమానిది కాదు, అక్కడ రాళ్ళు పెట్టి ఇతరుల బండ్లు ఆపనివ్వకపోవడమూ తప్పే. అమ్మేసిన బండికి వచ్చే చలానా, పేరు మార్చనంత వరకు పాత యజమానికే వస్తుంది. అమ్మిన పద్నాలుగు రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవారిది. ఆశీలు వసూలు చేసే కుర్రాడి చేతిలోని రసీదు పుస్తకం చలానా పుస్తకం కాదు, అతనికి జరిమానా వేసే అధికారం లేదు. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఫైలు) రూపంలో వచ్చేది చలానా కానే కాదు, దాన్ని తెరిస్తే ఐదు వందలతో పోదు.

అపోహ: ఇంత చిన్నదానికి లాయరును పెట్టుకుంటే ఖర్చు చలానాను మించుతుంది.

వాస్తవం: మించుతుంది, అందుకే చాలామందికి నేను అవసరం లేదని చెప్పి పంపిస్తాను. మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. న్యాయవాది కావాలనుకునే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితం మీద రాసి ఇస్తే చాలు. వచ్చేటప్పుడు ఫొటోలను ఫోనులో చూపించడం కాకుండా ప్రింటు తీయించి, వెనుక తేదీ, సమయం, తీసినవారి పేరు రాసి తీసుకురండి.