పప్పు పలుకుగా మిగిలితే తప్పు విజిళ్లది కాదు: రోజూ వంటలో అపోహలు - వాస్తవాలు

కుక్కర్ మూత తీస్తే పైన నీళ్లు తేరుకుని, అడుగున పప్పు గింజ గింజగా కనిపిస్తుంది. పప్పుగుత్తితో ఎంత మెదిపినా నలగదు. ఇంకో మూడు విజిళ్లు రానిచ్చినా అంతే. పప్పు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం కానీ, పప్పుతో పాటు కుక్కర్లో ఇంకేం వేశామో చూసుకోం.

అపోహ: ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదు.

వాస్తవం: ఉడకనివ్వనిది ఉప్పు కాదు, పులుపు. పప్పులో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్. అది వేడినీళ్లలో కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. చింతపండు, మామిడికాయ, గోంగూర, చుక్కకూర ఏది పడినా ఆ పులుపుకి పెక్టిన్ తొందరగా కరగదు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం కూడా దాన్ని బిగించేస్తాయి. ఉప్పులోని సోడియం చేసేది దీనికి తిరగబడి: ఆ బిగువును కాస్త సడలిస్తుంది. పప్పు పాతదై, నీళ్లు బోరువై, పైన పులుపు కూడా పడిందంటే పలుకు పలుకుగానే ఉంటుంది.

గోంగూర పప్పు సంగతే చూద్దాం. కప్పు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టాలి. మూడు కప్పుల తాగే నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి కుక్కర్ పెట్టాలి. ఆ నూనె రుచికి కాదు, నురగ పొంగి విజిల్ దారికి అడ్డుపడకుండా. ఆకును వేరే మూకుడులో చెంచా నూనెతో మగ్గనివ్వాలి. ఐదారు నిమిషాల్లో పచ్చరంగు పోయి ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, నీరంతా ఇగురుతుంది. పప్పు మెదిపాకే ఆకు కలిపి మరో ఐదు నిమిషాలు ఉడకనివ్వాలి. ఒకసారి మెత్తబడ్డ పప్పు తర్వాత పులుపు తగిలినా మళ్లీ గట్టిపడదు. మామిడికాయ ముక్కలైతే చిన్న గిన్నెలో వేసి అదే కుక్కర్లో పప్పు గిన్నె పైన పెట్టొచ్చు, పప్పులో కలవకపోతే చాలు. టమాటాకి ఇంత పట్టింపు అక్కర్లేదు. పప్పు కొత్తదైతే రెండు టమాటాలు కలిపి పెట్టినా ఉడుకుతుంది.

చిటికెడు వంటసోడా వేస్తే ఉడికిపోతుందన్న చిట్కా అబద్ధం కాదు. కానీ బి1 విటమిన్ చాలావరకు పోతుంది, ఏ కాస్త ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది. అరగంట నానబెట్టే వీలుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

అపోహ: విజిళ్లు ఎన్ని ఎక్కువైతే అంత బాగా ఉడుకుతుంది.

వాస్తవం: విజిల్ అంటే లోపల మిగులు ఆవిరి బయటికి పోవడం, అంతే. ఒత్తిడి పూర్తిగా చేరాక లోపల వేడి సుమారు 120 డిగ్రీలు. మంట పెంచినా అది పెరగదు, నీళ్లు పోయి అడుగంటుతుంది. "మూడు విజిళ్లు" అని రాసిన వంట ఒకరి పెద్ద మంట మీద ఐదు నిమిషాలు, ఇంకొకరి చిన్న మంట మీద పావుగంట. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి గడియారం చూసుకోండి. నానిన కందిపప్పుకి 8 నుంచి 10 నిమిషాలు చాలు. ఆవిరి దానంతటదే దిగాలి, ఆ పది నిమిషాల్లోనూ పప్పు ఉడుకుతూనే ఉంటుంది.

అపోహ: గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు. ఎన్ని గ్లాసులకైనా అదే లెక్క.

వాస్తవం: ముందు బియ్యం వయసు తెలియాలి. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, కోత కాగానే కొన్నదైతే రెండు గ్లాసులకే మెత్తబడుతుంది. ఏడాది పాతదైతే రెండున్నర తాగుతుంది. అందుకే కొత్త బస్తా విప్పిన రోజు అన్నం ముద్దవుతుంది. మొదటి రోజు పావు గ్లాసు తగ్గించి వండి చూడటం మేలు.

రెండోది, పోసిన నీళ్లలో కొంత బియ్యం పీల్చుకుంటుంది, కొంత ఆవిరైపోతుంది. బియ్యం పెరిగినంత మాత్రాన ఆవిరి అదే లెక్కన పెరగదు. అత్తెసరు పెట్టేటప్పుడు గ్లాసుకి రెండున్నర పోస్తే, నాలుగు గ్లాసులకి పది కాదు, తొమ్మిది చాలు. వేలి గీత కొలత కూడా రోజూ వాడే గిన్నెకే పనికొస్తుంది. వెడల్పు గిన్నెలో గ్లాసు బియ్యం పోసి వేలి గీత దాకా నీళ్లు పడితే అది జావే.

గంజి వారిస్తే షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చన్నది కూడా నమ్మకమే. గంజితో పోయే పిండిపదార్థం కొంచెం. దాంతో పాటు బి విటమిన్లు కూడా పోతాయి.

అపోహ: సోడా వేయకపోతే ఇడ్లీ పొంగదు.

వాస్తవం: ఇడ్లీని పొంగించేది మినప్పిండిలో చిక్కుకున్న గాలి, రాత్రంతా అందులో సూక్ష్మజీవులు వదిలే వాయువు. గ్లాసు మినప గుళ్లకు రెండు గ్లాసుల రవ్వ. గుళ్లు నాలుగు గంటలు నానాక, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ గ్రైండర్లో 25 నిమిషాలు రుబ్బాలి. చిన్న పిండి బొట్టు నీళ్లలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి. రవ్వను రెండుసార్లు కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి, రుబ్బిన పిండిలో చేత్తో కలపాలి. పిండి పొంగడానికి వేసవిలో 8 గంటలు, చలికాలంలో 12 నుంచి 14. అమెరికా చలిలో ఉన్నవాళ్లు ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో ఉంచుతారు, అది పనిచేస్తుంది. పొంగిన పిండిని గరిటెతో గిరగిరా తిప్పితే మాత్రం పడ్డ కష్టమంతా పోతుంది.

అపోహ: తోడు ఎక్కువ వేస్తే పెరుగు గట్టిగా తోడుకుంటుంది.

వాస్తవం: తొందరగా పులుస్తుంది, నీరు విడుస్తుంది. అర లీటరు పాలకు ఒక చిన్న చెంచా చాలు. పాలు బాగా మరిగి, వేలు పెడితే కాలకుండా వెచ్చగా తగిలే దాకా (40 - 45 డిగ్రీలు) చల్లారాలి. తోడేసి కలిపాక గిన్నె కదపకూడదు. గట్టిపడిందో లేదో చూడటానికి గిన్నె ఒంచడమూ కదపడమే.